డి-డైమర్ ఎప్పుడు పంపాలి, వచ్చిన అంకెను ఎలా చదవాలి: క్యాజువాలిటీలో పల్మనరీ ఎంబాలిజం లేదని తేల్చుకోవడం

"డి-డైమర్ పాజిటివ్ వచ్చింది సార్, ఏం చేయమంటారు?" అని డ్యూటీ డాక్టర్ ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది అంకె ఎంత అని కాదు, "పంపే ముందు మీరేం అనుకున్నారు?" అని. సగం సార్లు అవతల నుంచి చప్పుడుండదు. ఛాతీ నొప్పి అన్నారు కాబట్టి ట్రోపోనిన్, బ్లడ్ కౌంట్, క్రియాటినిన్‌తో పాటు అదీ రాసేశారు, అంతే. రిపోర్ట్ చేతికొచ్చాక, అందులో ఎర్రటి అక్షరాలు కనపడ్డాక, దాన్ని పక్కన పెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. సీటీకి పంపుతారు, స్కాన్ నార్మల్ వస్తుంది, పేషెంట్‌కి రేడియేషనూ కాంట్రాస్టూ మిగులుతాయి, అసలు ఛాతీ నొప్పి ఎందుకొచ్చిందో మాత్రం ఎవరూ చూడరు.

ఇది క్యాజువాలిటీలో పని చేసే జూనియర్ల కోసం రాస్తున్నాను. పల్మనరీ ఎంబాలిజం, పొట్టిగా పీఈ, అంటే ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ ఇరుక్కోవడం. ఇంట్లో కూర్చుని తమ రిపోర్ట్ పక్కన పెట్టుకుని చదువుతున్నవాళ్లకి ఒక్క మాట: హఠాత్తుగా ఆయాసం, ఊపిరి తీసుకుంటే పొడిచినట్టు నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, దగ్గితే రక్తం, వీటిలో ఏదైనా ఉంటే దీన్ని చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్లండి.

ముందు ఈ టెస్ట్ దేన్ని కొలుస్తుందో తెలుసుకోండి

రక్తం గడ్డ కట్టినప్పుడు ఫైబ్రిన్ అనే పోగులు ఏర్పడతాయి. ఫ్యాక్టర్ 13 ఆ పోగుల్ని ఒకదానికొకటి కుట్టి గట్టిపరుస్తుంది. తర్వాత శరీరం ప్లాస్మిన్ అనే ఎంజైమ్‌తో ఆ గడ్డను కత్తిరించడం మొదలుపెడుతుంది. అలా కత్తిరించగా రాలిన ముక్కల్లో, రెండు డి భాగాలు అతుక్కునే మిగిలిన ముక్కే డి-డైమర్. అంటే గడ్డ కట్టడం, కరగడం రెండూ జరుగుతున్నాయని అది చెబుతుంది. ఎక్కడ జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో చెప్పదు. గర్భంలో పెరుగుతుంది, ఆపరేషన్ తర్వాత పెరుగుతుంది, దెబ్బ తగిలితే, న్యుమోనియా వస్తే, సెప్సిస్‌లో, క్యాన్సర్‌లో, లివర్ జబ్బులో, బృహద్ధమని గోడ చీలినప్పుడు, కోవిడ్‌లో, ఏ జబ్బూ లేకపోయినా వయసు మీద పడుతుంటే కూడా పెరుగుతుంది.

కానీ ఊపిరితిత్తుల్లో తాజాగా గడ్డ ఇరుక్కుని ఉండి, డి-డైమర్ మాత్రం మామూలుగా ఉండటం అరుదు. అందుకే ఇది "లేదు" అని చెప్పించుకోవడానికి పనికొచ్చే టెస్ట్. "ఉంది" అని దీనితో చెప్పించుకోవాలనుకుంటే మోసపోతారు.

మొదటి అడుగు: పేషెంట్ నిలకడగా ఉన్నారా?

పై బీపీ 90 కంటే తక్కువ ఉండి, చేతులు చల్లబడి, మెడ నరాలు ఉబ్బి ఉన్న మనిషికి డి-డైమర్ రాయకండి. ఆ పేషెంట్‌కి కావాల్సింది మంచం పక్కనే ఎకో, వీలైతే వెంటనే సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్, సీనియర్‌కి ఫోన్. రక్తం ల్యాబ్‌కి వెళ్లి తిరిగొచ్చే గంట అక్కడ లేదు.

రెండో అడుగు: నిజంగా పీఈ అనుమానం ఉందా?

ఇది చాలామంది దాటేసే మెట్టు. ఛాతీ నొప్పి వచ్చిన ప్రతి ఒక్కరికీ పీఈ ఉందేమో అని వెతకనక్కర్లేదు. ముందు ఈసీజీ, ఎక్స్‌రే, పల్స్ ఆక్సిమీటర్ చూడండి, చొక్కా తీయించి చర్మం చూడండి, పిక్కలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వేలితో నొక్కితే సరిగ్గా అక్కడే నొప్పి, నిన్న బరువు ఎత్తారు, పల్స్ 76, శాచురేషన్ 99, అలాంటప్పుడు మీ మనసులో పీఈ అన్న ఆలోచనే లేకపోతే డి-డైమర్ కూడా రాయకండి. "ఎందుకైనా మంచిదని" పంపే టెస్టుల్లో అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఇదే.

మూడో అడుగు: రక్తం తీసే ముందే అంచనాను కాగితం మీద పెట్టండి

అంచనా అంకె వచ్చాక వేసుకుంటే అది అంచనా కాదు, సర్దుబాటు. డి-డైమర్ 1800 అని చూశాక, పీఈ అవకాశాన్ని మార్కుల్లో లెక్కేసే వెల్స్ స్కోర్ వేస్తే చేయి దానంతటదే పై మార్కు వైపు పోతుంది. అందుకని కేస్ షీట్‌లో ముందు స్కోర్, పక్కన టైమ్, ఆ తర్వాతే సిరంజి.

వెల్స్ స్కోర్ ఇలా: కాలిలో డీవీటీ (లోపలి సిరలో గడ్డ) లక్షణాలు ఉంటే 3 మార్కులు. మిగతా జబ్బులన్నిటికంటే పీఈయే ఎక్కువ అనిపిస్తే ఇంకో 3. పల్స్ 100 దాటితే 1.5. మూడు రోజులు లేదా అంతకు మించి మంచం పట్టి ఉన్నా, గత నాలుగు వారాల్లో ఆపరేషన్ జరిగినా 1.5. ఇదివరకు డీవీటీ గానీ పీఈ గానీ వచ్చి ఉంటే 1.5. దగ్గులో రక్తం పడితే 1. క్యాన్సర్ ఉండి గత ఆరు నెలల్లో చికిత్స జరిగినా, ఇంకా జరుగుతున్నా, ఉపశమన చికిత్సలో ఉన్నా 1. మొత్తం 4 లేదా లోపు అయితే "పీఈ అయ్యే అవకాశం తక్కువ", 4 దాటితే "ఎక్కువ". ఫోన్లో యాప్ ఉంటుంది, బట్టీ పట్టక్కర్లేదు, కానీ యాప్‌లో టిక్ పెట్టే ముందు పేషెంట్‌ని అడగాల్సినవి అడిగారా లేదా అన్నది యాప్ చూసుకోదు.

పల్స్ గురించి ఒక మాట. వచ్చినప్పుడు 114 ఉండి, ఆక్సిజన్ పెట్టి పడుకోబెట్టాక 94కి దిగితే, స్కోర్‌లో మొదటిదే వేయండి. కాసేపట్లో తగ్గింది కాబట్టి పీఈ కాదని అనుకోవడానికి లేదు. బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లలో పల్స్ 82 ఉన్నా దాన్ని పూర్తిగా నమ్మకండి.

ఇక ఆ "పీఈయే ఎక్కువ అనిపిస్తే" అన్న 3 మార్కులు. గొడవంతా అక్కడే. అది డాక్టర్ అభిప్రాయం, కొలత కాదు, భయపడే డాక్టర్ అందరికీ మూడు వేస్తారు, అలసిపోయిన డాక్టర్ ఎవరికీ వేయరు. నేను నాకు నేను వేసుకునే ప్రశ్న ఇది: "ఈ పేషెంట్ విషయంలో ఒకే ఒక్క జబ్బు పేరు రాయమంటే ఏం రాస్తాను?" పీఈ అని రాస్తే 3, లేకపోతే 0. "పీఈ కూడా కావచ్చు" అన్నదానికి మార్కుల్లేవు. ఈ అభిప్రాయం గోల వద్దనుకుంటే సవరించిన జెనీవా స్కోర్ ఉంది, అందులో వయసు, పల్స్, కాలి నొప్పి లాంటివే తప్ప మీ మనసులో మాట ఉండదు. ఏదో ఒకటి ఎంచుకుని మీ డిపార్ట్‌మెంట్ మొత్తం దాన్నే వాడండి.

అంచనా ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను. మీ దగ్గరున్నది మంచి టెస్టే అనుకుందాం: పీఈ ఉన్న వందమందిలో 95 మందిని పట్టుకుంటుంది, లేని వందమందిలో 40 మందికి నార్మల్ అని చెబుతుంది. ఇప్పుడు అంచనా పదిశాతం ఉన్న 1000 మందికి పంపారు. వాళ్లలో 100 మందికి పీఈ ఉంది, టెస్ట్ 5 మందిని వదిలేస్తుంది. లేని 900 మందిలో 360 మందికి నెగెటివ్ వస్తుంది. మొత్తం నెగెటివ్‌లు 365, వాళ్లలో నిజంగా పీఈ ఉన్నవాళ్లు 5, అంటే సుమారు 1.4 శాతం. ఇదే టెస్టును అంచనా నలభై శాతం ఉన్న 1000 మందికి పంపితే? 400 మందిలో 20 మందిని వదిలేస్తుంది, 600 మందిలో 240 మందికి నెగెటివ్. మొత్తం 260 నెగెటివ్‌లలో 20 మందికి పీఈ, దగ్గరదగ్గర 8 శాతం. కిట్ అదే, ల్యాబ్ అదే, కాగితం మీద "నెగెటివ్" అన్న మాటా అదే. ఇంటికి పంపిన పదమూడు మందిలో ఒకరికి ఊపిరితిత్తుల్లో గడ్డ.

పాజిటివ్ సంగతి కూడా అదే లెక్కలో ఉంది. పదిశాతం గుంపులో పాజిటివ్‌లు 95, దానికి తోడు ఉత్తుత్తివి 540. అంటే పాజిటివ్ వచ్చిన వందమందిలో పదిహేను మందికే పీఈ. "గడ్డ ఉందని తేలింది" అని పేషెంట్ ఇంటివాళ్లకి చెప్పే ముందు ఈ అంకె గుర్తు తెచ్చుకోండి.

నాలుగో అడుగు: అసలు టెస్టే వద్దని చెప్పగలరేమో చూడండి

మీ అంచనా నిజంగా బాగా తక్కువ, పదిహేను శాతం లోపే అనిపిస్తే పెర్క్ నియమం వాడండి. ఎనిమిది ప్రశ్నలు: వయసు 50 లోపు, పల్స్ 100 లోపు, గది గాలిలో శాచురేషన్ 95 లేదా అంతకంటే ఎక్కువ, దగ్గులో రక్తం లేదు, ఈస్ట్రోజెన్ మాత్రలు వాడటం లేదు, ఇదివరకు డీవీటీ లేదా పీఈ రాలేదు, ఒక కాలు మాత్రమే వాచి లేదు, నాలుగు వారాల్లో ఆసుపత్రిలో చేరాల్సినంత ఆపరేషన్ గానీ దెబ్బ గానీ లేదు. ఎనిమిదింటికీ సరిపోతే అక్కడితో ఆపేయొచ్చు, డి-డైమర్ కూడా అక్కర్లేదు. ఒక్కటి తప్పినా పీఈ ఉందని కాదు, డి-డైమర్ పంపమని మాత్రమే.

ఇక్కడ రెండు తప్పులు తరచూ చూస్తాను. ఒకటి, అనుమానం బలంగా ఉన్న పేషెంట్‌కి కూడా పెర్క్ పెట్టి, అన్నీ సరిపోయాయి కదా అని పంపించేయడం. అది తక్కువ అనుమానం ఉన్నవాళ్ల కోసం తయారైన నియమం, మిగతావాళ్లకి పనిచేయదు. రెండు, మాత్రల గురించి సరిగ్గా అడగకపోవడం. "ఏమైనా మందులు వాడుతున్నారా" అంటే లేదంటారు, గర్భనిరోధక మాత్రను చాలామంది మందుగా లెక్కపెట్టరు. నెలసరి కోసం, పిల్లలు పుట్టకుండా ఉండటం కోసం ఏమైనా వేసుకుంటున్నారా అని విడిగా అడగండి, పక్కన చుట్టాలు లేనప్పుడు అడగండి.

ఐదో అడుగు: ఎవరికి పంపకూడదు

అంచనా ఎక్కువ ఉన్నవాళ్లకి వద్దు, నేరుగా సీటీ. పైన వేసిన లెక్క చదివారు కదా. రక్తం పలచబడే మందు ఇప్పటికే వాడుతున్నవాళ్లకి వద్దు, ఎందుకంటే ఆ మందు గడ్డ ఉన్నా సరే డి-డైమర్‌ని కిందికి దించుతుంది, నెగెటివ్ వచ్చినా నమ్మలేరు. వార్డులో ఎవరో ముందుజాగ్రత్తగా హెపారిన్ ఇచ్చేసి, తర్వాత మిమ్మల్ని పిలిచి "ఒక డి-డైమర్ పంపుదామా" అనడం కూడా ఇందులోకే వస్తుంది. రెండు వారాలకు పైగా లక్షణాలు ఉండి ఇప్పుడొచ్చినవాళ్లలో కూడా జాగ్రత్త, గడ్డ పాతబడే కొద్దీ ఈ ముక్కలు తగ్గిపోతాయి.

మొన్ననే ఆపరేషన్ అయినవాళ్లు, క్యాన్సర్ ఉన్నవాళ్లు, చాలా రోజులుగా ఆసుపత్రిలో ఉన్నవాళ్లు, వీళ్లకి పంపకూడదని కాదు, పంపితే నెగెటివ్ వచ్చే అవకాశం చాలా తక్కువ. నెగెటివ్ వస్తే సంతోషమే. పాజిటివ్ వస్తే మొదట ఉన్నచోటే ఉంటారు, మధ్యలో గంట పోయి ఉంటుంది.

ఆరో అడుగు: శాంపిల్ సరిగ్గా తీయండి

లేత నీలం మూత ట్యూబ్, లోపల 3.2 శాతం సోడియం సిట్రేట్ ఉంటుంది. తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ అన్నది దాని కొలత, అందుకే ట్యూబ్ మీద గీత వరకు నింపడం తప్పనిసరి. సగం నింపి పంపితే రక్తం పలచబడి అంకె తప్పుగా తగ్గొచ్చు, చాలా ల్యాబులు తిప్పి పంపేస్తాయి. బటర్‌ఫ్లై సూదితో తీస్తుంటే, పైపులో ఉన్న గాలి మొదటి ట్యూబ్‌లోకి పోయి అది నిండదు. అందుకని ముందు ఒక ఖాళీ ట్యూబ్‌లోకి కొంచెం తీసి పారేసి, తర్వాత నీలం మూతది పెట్టండి. తీశాక మూడు నాలుగు సార్లు మెల్లగా తలకిందులు చేయండి, గిలక్కొట్టకండి. ట్యూబ్‌లోనే గడ్డ కనపడితే మళ్లీ తీయాల్సిందే. హెపారిన్‌తో కడిగిన లైన్ నుంచి తీయకండి.

అదే గుచ్చుడులో క్రియాటినిన్ కూడా పంపేయండి. పాజిటివ్ వచ్చి సీటీకి వెళ్లాల్సి వస్తే కాంట్రాస్ట్ ముందు రేడియాలజీ వాళ్లు అడిగేది అదే, హెపారిన్ రకం, మోతాదు నిర్ణయించడానికీ అదే కావాలి. గర్భం వచ్చే వయసులో ఉన్నవాళ్లకి ప్రెగ్నెన్సీ టెస్ట్ కూడా.

ఏడో అడుగు: అంకె కంటే ముందు యూనిట్ చదవండి

ఇది ఎంత చెప్పినా తక్కువే. డి-డైమర్‌ని రెండు రకాలుగా రిపోర్ట్ చేస్తారు: ఎఫ్ఈయూ (ఫైబ్రినోజెన్ ఈక్వివలెంట్ యూనిట్లు) అని ఒకటి, డీడీయూ (డి-డైమర్ యూనిట్లు) అని ఇంకొకటి. ఒకే రక్తానికి ఎఫ్ఈయూ అంకె డీడీయూ అంకెకు సుమారు రెట్టింపు ఉంటుంది. అంటే అందరూ చెప్పుకునే 500 కటాఫ్ ఎఫ్ఈయూలో, డీడీయూలో అది 250. దీనికి తోడు కొన్ని ల్యాబులు మిల్లీలీటరుకి నానోగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని మైక్రోగ్రాముల్లో, ఇంకొన్ని లీటరుకి మిల్లీగ్రాముల్లో. 500 నానోగ్రాములన్నా, 0.5 మైక్రోగ్రాములన్నా, లీటరుకి 0.5 మిల్లీగ్రాములన్నా ఒకటే.

నేను పని చేసిన ఒకచోట ల్యాబ్ వాళ్లు కిట్ మార్చారు, ఆ సంగతి క్యాజువాలిటీలో ఎవరికీ చెప్పలేదు. రిపోర్ట్‌లో 0.42 అని ఉంది, మా డ్యూటీ డాక్టర్ అలవాటు ప్రకారం 0.5 లోపే కదా అని నార్మల్ రాసేశారు. అది డీడీయూ. ఎఫ్ఈయూలోకి మారిస్తే 0.84 దాకా వస్తుంది. షిఫ్ట్ మారాక ఇంకొకరు కాగితం కింద చిన్న అక్షరాల్లో ఉన్న రిఫరెన్స్ రేంజ్ చూసి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది, పేషెంట్ ఇంకా అబ్జర్వేషన్ మంచం మీదే ఉన్నారు. ఆ రోజు నుంచి కొత్త చోటుకి వెళ్తే మొదటి వారంలోనే ల్యాబ్‌కి ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడుగుతాను: యూనిట్ ఏది, కిట్ హై సెన్సిటివిటీ రకమేనా? రెండో ప్రశ్న కూడా అంతే అవసరం. మంచం పక్కనే చేసే కొన్ని కార్డు టెస్టులు, పాత లాటెక్స్ టెస్టులు అంత పట్టుకోలేవు, వాటిలో నెగెటివ్ వస్తే బాగా తక్కువ అంచనా ఉన్నవాళ్లలో మాత్రమే నమ్మొచ్చు.

ఎనిమిదో అడుగు: ఏ కటాఫ్?

పాత పద్ధతి అందరికీ 500. తప్పేం లేదు, సురక్షితమే. 2006లో వచ్చిన క్రిస్టఫర్ స్టడీలో వెల్స్ 4 లేదా లోపు ఉండి, ఈ కటాఫ్‌తో డి-డైమర్ నార్మల్ వచ్చి, స్కాన్ లేకుండా వదిలేసిన వెయ్యి మందికి పైగా పేషెంట్లలో తర్వాతి మూడు నెలల్లో గడ్డలు బయటపడింది 0.5 శాతం మందిలోనే. చిక్కు ఏమిటంటే, వయసు పెరిగే కొద్దీ అంకె ఎలాగూ పెరుగుతుంది కాబట్టి పెద్దవాళ్లలో ఎవరికీ నెగెటివ్ రాదు.

దానికి జవాబు వయసును బట్టి కటాఫ్. 50 దాటినవాళ్లకి వయసును 10తో గుణించండి. 72 ఏళ్ల ఆవిడకి 640 వచ్చిందనుకోండి, ఎఫ్ఈయూలో, వెల్స్ 1.5. కటాఫ్ 720, కాబట్టి నెగెటివ్, సీటీ అక్కర్లేదు. డీడీయూ ల్యాబ్ అయితే 5తో గుణించాలి, అప్పుడు కటాఫ్ 360. 2014లో అడ్జస్ట్-పీఈ స్టడీలో 75 పైబడినవాళ్లలో, అంచనా ఎక్కువగా లేని గుంపులో, పాత 500 పద్ధతితో 6.4 శాతం మందికే సీటీ తప్పేది, వయసు కటాఫ్‌తో అది 29.7 శాతానికి పెరిగింది. ఆ వయసులో కిడ్నీలు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకి ఈ అంకె విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో దారి ఇయర్స్ పద్ధతి, 2017లో వచ్చింది. మూడే ప్రశ్నలు: డీవీటీ లక్షణాలు ఉన్నాయా, దగ్గులో రక్తం ఉందా, పీఈయే అన్నిటికంటే ఎక్కువ అనిపిస్తోందా? మూడింటికీ లేదు అయితే కటాఫ్ 1000. ఒక్కటైనా ఉంటే 500. అంతే. రద్దీగా ఉండే క్యాజువాలిటీలో నాకు ఇదే నచ్చుతుంది, గుర్తుపెట్టుకోవడం తేలిక. 2019లో వచ్చిన పెజెడ్ స్టడీ కూడా ఇలాంటిదే, వెల్స్ 4 లేదా లోపు అయితే 1000, 4.5 నుంచి 6 దాకా 500, అంతకు మించితే నేరుగా స్కాన్.

ఒక్కటి మాత్రం చేయకండి: అన్నీ కలపడం. ఇయర్స్‌లో ఒక లక్షణం ఉంది కాబట్టి 500 రావాల్సింది, కానీ వయసు 80 కాబట్టి 800 వాడదాం, అదీ కుదరకపోతే వెల్స్ వేసి చూద్దాం, ఇలా పేషెంట్ నెగెటివ్ అయ్యేదాకా పద్ధతులు మార్చుకుంటూ పోవడం కాదు. ఏది వాడతారో రక్తం తీసే ముందే రాసుకోండి.

గర్భిణుల సంగతి

గర్భంలో నెలలు నిండే కొద్దీ డి-డైమర్ పెరుగుతుంది, కాబట్టి పనికిరాదని కొట్టిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ 2019లో గర్భిణుల కోసం మార్చిన ఇయర్స్ పద్ధతిని పరీక్షించారు. కటాఫ్‌లు అవే, 1000, 500. తేడా ఏమిటంటే కాలిలో డీవీటీ లక్షణాలు ఉంటే ముందు కాలికి అల్ట్రాసౌండ్ చేస్తారు, అక్కడ గడ్డ కనపడితే చికిత్స మొదలుపెట్టేస్తారు, సీటీ దాకా వెళ్లక్కర్లేదు. మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్లలో 65 శాతం మందికి సీటీ తప్పింది, చివరి మూడు నెలల్లో 32 శాతం మందికి. తక్కువేం కాదు. అయితే ఇది మీ చోట అలవాటు లేకపోతే ఒంటరిగా మొదలుపెట్టకండి, గైనకాలజీ వాళ్లతో ముందే మాట్లాడుకుని రాతపూర్వకంగా పెట్టుకోండి.

మిగతా రక్తపరీక్షలు

ట్రోపోనిన్ నార్మల్ కాబట్టి పీఈ లేదు అనకండి. బీఎన్‌పీ కూడా అంతే. ఈ రెండూ పీఈ ఉందని తేలాక గుండె కుడివైపు ఎంత ఒత్తిడిలో ఉందో అంచనా వేయడానికి పనికొస్తాయి. ధమని రక్తంలో ఆక్సిజన్ బాగుంది కదా అని పీఈని కొట్టేయడం ఇంకా పాత పొరపాటు, పీఈ ఉండీ బ్లడ్ గ్యాస్ నార్మల్‌గా ఉన్నవాళ్లు కావాల్సినంత మంది. ఆ గుచ్చుడు నొప్పి పేషెంట్‌కి దండగ, వేరే కారణం ఉంటే తప్ప.

నెగెటివ్ వచ్చింది: ఆపండి

అంచనా తక్కువ, టెస్ట్ సరైనది, కటాఫ్ ముందే అనుకున్నది, అంకె దాని లోపు. అయిపోయింది. "మనశ్శాంతి కోసం" సీటీ వద్దు, ఆరు గంటలాగి ఇంకో డి-డైమర్ వద్దు. ఇప్పుడు చేయాల్సిన పని ఒకటుంది, అసలు నొప్పికి కారణం వెతకడం. పీఈ లేదని తేలగానే పేషెంట్‌ని మర్చిపోవడం మా అందరికీ ఉన్న జబ్బే. గుండె చుట్టూ వాపు, న్యుమోథొరాక్స్, న్యుమోనియా, రక్తహీనత, ఇవన్నీ ఆయాసంతోనే వస్తాయి.

పాజిటివ్ వచ్చింది: స్కాన్

సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్ చేయించండి. కిడ్నీలు బాగోలేకపోయినా, కాంట్రాస్ట్ పడకపోయినా వెంటిలేషన్-పర్ఫ్యూజన్ స్కాన్ ఉంది. కాలు వాచి ఉంటే కాలి అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టొచ్చు. స్కాన్ ఆలస్యమయ్యేటట్టు ఉంటే ఏం చేయాలన్నది ముందే అనుకోండి: అనుమానం మధ్యస్థంగా గానీ ఎక్కువగా గానీ ఉండి, రక్తస్రావం భయం లేకపోతే, స్కాన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా రక్తం పలచబడే మందు మొదటి డోసు ఇచ్చేయాలన్నదే గైడ్‌లైన్లు చెప్పేది. ఇచ్చే ముందు కడుపులో పుండు, ఈమధ్య తల దెబ్బ, పక్షవాతం, ఆపరేషన్ గురించి అడగండి, బృహద్ధమని చీలిక అనుమానం ఉందేమో ఒక్క నిమిషం ఆలోచించండి, ఎందుకంటే ఛాతీ నొప్పితో పాటు డి-డైమర్ పెంచే జబ్బుల్లో అదొకటి, అందులో హెపారిన్ ప్రాణం మీదికి తెస్తుంది.

అంకె 600 ఉన్నా, 6000 ఉన్నా స్కాన్ చేయించాలన్న నిర్ణయం మారదు. కానీ వేలల్లో ఉండి సీటీలో గడ్డ కనపడకపోతే ఊరికే వదిలేయకండి. సెప్సిస్, రక్తనాళాల్లో అంతటా గడ్డలు కట్టే డీఐసీ, బయటపడని క్యాన్సర్, కాలిలో డీవీటీ, వీటి కోసం ఒకసారి చూడండి. అలాగని 700 వచ్చిన ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ వేట మొదలుపెట్టమని కాదు.

ఇంటివాళ్లకి ఎలా చెప్పాలన్నది కూడా పనిలో భాగమే. "గడ్డ ఉన్నట్టు వచ్చింది" అనకండి. "ఈ టెస్ట్ నార్మల్ వచ్చి ఉంటే ఇక్కడితో అయిపోయేది, కొంచెం ఎక్కువ వచ్చింది, చాలామందికి వేరే కారణాల వల్ల కూడా ఎక్కువ వస్తుంది, అందుకని స్కాన్‌తో తేల్చుకుందాం" అంటే చాలు. టెన్షన్ సగం తగ్గుతుంది, స్కాన్ నార్మల్ వచ్చినప్పుడు మీ మీద నమ్మకం కూడా మిగులుతుంది.

కేస్ షీట్‌లో ఏం రాయాలి

నేను రాసేది ఇలా ఉంటుంది: "పీఈ అనుమానం. వెల్స్ 1.5, పల్స్ 108 వల్ల. పెర్క్ సరిపోలేదు, వయసు 61. రక్తం పలచబడే మందులు లేవు, లక్షణాలు రెండు రోజులుగా. వయసు కటాఫ్ 610, ఎఫ్ఈయూ. డి-డైమర్ 480. స్కాన్ అవసరం లేదు. మళ్లీ రావాల్సిన లక్షణాలు వివరించాను." ఆరేడు ముక్కలు, ఒక నిమిషం పని. తెల్లవారాక వచ్చే డాక్టర్‌కి మీరెందుకు సీటీ చేయించలేదో ఫోన్ చేసి అడగాల్సిన పని ఉండదు.

పేషెంట్‌కి కూడా విడిగా చెప్పండి: ఆయాసం పెరిగినా, కాలు వాచినా, దగ్గులో రక్తం పడినా, కళ్లు తిరిగినా రాత్రి పగలు చూడకుండా తిరిగి రండి అని. అలా రెండు రోజులాగి తిరిగి వచ్చినవాళ్లని చూసేటప్పుడు ఫైల్‌లో పాత నెగెటివ్ రిపోర్ట్ కనపడుతుంది, దాన్ని చూసి "మొన్ననే లేదని తేలింది కదా" అని లేవనెత్తి పంపించేయాలనిపిస్తుంది. ఆ కాగితం మొన్నటి పేషెంట్‌ది. కొత్తగా కాలు వాచి ఉంటే ఇవాళ అక్కడే మూడు మార్కులు పడతాయి, పల్స్ 100 దాటితే స్కోర్ 4 మీదికి పోతుంది, ఇక డి-డైమర్‌తో పని లేదు. పాతది పక్కన పెట్టి, పిక్కలు రెండూ మళ్లీ చూసి, వెల్స్ మళ్లీ వేయండి.